ఢిల్లీ కనకాంబరం కొమ్మలకి ఇసుకా, కొబ్బరి పొట్టా, ఊక బూడిదా?

అల్లూరు పూలమడి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన పల్లె. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఢిల్లీ కనకాంబరం వేద్దామని ఉంది. మామూలు కనకాంబరానికైతే ఏ బాధా లేదు. ఎండిన కాయకి తడి తగిలితే చాలు, టప్పున పేలి గింజలు ఎగిరి పడతాయి, వానలకి చెట్టు కింద నారు దానంతటదే మొలుస్తుంది. ఢిల్లీ రకానికి గింజే పట్టదు కదా, కొమ్మలు నాటుకోవాల్సిందే. మా పిన్నమ్మ వాళ్లింట్లో మంచి చెట్లు ఉండాయి. కొమ్మలు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోమంది.

నా సందేహమంతా వాటిని దేంట్లో గుచ్చాలనే. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. మొక్కలమ్మే ఆయన ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలిపి కవర్లలో నింపమన్నాడు. మా అత్తగారు "ఎరువు లేకుండా కొమ్మ ఏం తిని బతుకుతుంది?" అంటోంది. మా ఆయన సముద్రం వైపు దిబ్బల్లో ఇసుక శుభ్రంగా ఉంటుంది, రెండు గోతాలు తెస్తానంటున్నాడు. బియ్యం మిల్లు దగ్గర నల్లటి ఊక బూడిద ఊరికే ఇస్తారు. ఫోన్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకలు, పెర్లైట్ (కాల్చి పొంగించిన తేలికైన తెల్ల రాతి గుళికలు) చూశాను. పెర్లైట్ ధర చూసి ఆగాను.

ఇంకో సంగతి. మా బోరు నీళ్లు కాస్త ఉప్పన. తాగడానికి ఆర్‌ఓ క్యాన్లే తెచ్చుకుంటాం. కొమ్మలకి ఏ నీళ్లు పొయ్యాలో కూడా చెప్పండి. వందల్లో నాటాలి కాబట్టి ఖర్చు చూసుకోక తప్పదు.

నెల్లూరు మేడతోట:

అక్కా, కోకోపీట్ ఒక్కటే వాడండి, చాలు. మా మేడ మీద మందారం, మల్లె, కాగితప్పూలు అన్నీ అందులోనే వేర్లు పట్టాయి. నానబెట్టి, కప్పుల్లో నింపి, కొమ్మ గుచ్చి, పైన కవరు కట్టి నీడలో పెడితే సరి. మట్టి జోలికి పోవద్దు.

సింగరాయకొండ నర్సరీ:

అమ్మా, ముందు మీ అత్తగారి ప్రశ్నకి జవాబు చెప్తాను. అసలు సంగతంతా అక్కడే ఉంది.

కొమ్మకి వేరు పుట్టేదాకా బయటి తిండి అక్కర్లేదు. కాండంలో దాచుకున్నది, మిగిల్చిన ఆకులు తయారుచేసేది, ఆ రెండూ చాలు. అసలు వేరే లేనప్పుడు ఎరువుని పీల్చేదెవరు? పైగా సగం మాగిన పేడ ఎరువులో ఉప్పు ఉంటుంది, బూజు ఉంటుంది. పచ్చి కోత మీదికి రెండూ ఎక్కుతాయి. కొమ్మ అడుగు నల్లబడి, పట్టుకుంటే మెత్తగా జారిపోయేది చాలావరకు అందుకే. కొమ్మకి అక్కడ కావాల్సింది కదలకుండా పట్టు, ఆరిపోని తడి, చీకటి, గాలి. అందరూ మరిచిపోయేది గాలిని. కోత దగ్గర కొత్త కణాలు పుట్టి గడ్డకట్టి, అందులోంచి వేరు మొన బయటపడాలంటే అక్కడ గాలి ఆడాలి. నీళ్లతో నిండిపోయిన మట్టిలో గాలికి చోటుండదు.

నేను ఒంగోలు చుట్టుపక్కల జామాయిల్ క్లోన్ నర్సరీల్లో పనిచేసి వచ్చినవాణ్ణి. ప్రకాశం జిల్లాలో పేపరు మిల్లులకి పోయే క్లోన్ జామాయిల్ అంతా కొమ్మల నుంచి వచ్చిందే, గింజ మొలక కాదు. మంచు మాదిరి నీళ్లు చిమ్మే గదుల్లో, రూట్ ట్రైనర్ అనే ట్రేల గుంటల్లో వర్మిక్యులైట్ (పొంగించిన అభ్రకం జాతి ఖనిజం) నింపి, ఆకుని సగానికి కత్తిరించిన చిన్న కొమ్మని వేరు పుట్టించే హార్మోన్ పొడిలో ముంచి గుచ్చుతారు. ఆ గుంటలో గుప్పెడు ఎరువు కూడా ఉండదు. వేరు వచ్చాకే మేత మొదలు. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి. ఆమె మాటలో నిజం లేకపోలేదు, కాకపోతే అది కవరులోకి మార్చిన తరవాతి మాట.

కనకాంబరానికి ఇంకో ప్రత్యేకమైన గండం ఉంది. వేర్ల మీద కణుతులు కట్టించే నులిపురుగు ఈ పంటని పట్టినట్టు చాలా పంటల్ని పట్టదు. తోట రెండో ఏటికి పసుపు తిరిగి, గిడసబారి, పూవు తగ్గిపోయిందంటే ఒక చెట్టు పీకి వేరు చూడండి, పూసల దండ గుచ్చినట్టు కణుతులు కనిపిస్తాయి. మీ తీరం వైపు ఇసుక నేలలంటే దానికి మరీ ఇష్టం. అయితే ఆ పురుగు వేరులో ఉంటుంది, మట్టిలో ఉంటుంది, కొమ్మ చివర ఉండదు. మీ పిన్నమ్మ గారి తోటలో పురుగు ఉన్నా సరే, పైనుంచి కోసిన చివురు కొమ్మ శుభ్రమైనదే. దాన్ని తీసుకొచ్చి పాత పూలమడి మట్టిలో గుచ్చితే మాత్రం పురుగుని మనమే చేతులారా అంటించినట్టు. ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపిన మిశ్రమం మీకు నేను వద్దనడానికి మొదటి కారణం ఇదే. మందారానికో కాగితప్పూలకో అయితే ఇంత పట్టు పట్టను.

ఇక మీ చేతిలో ఉన్న సరుకు సంగతి.

దిబ్బల ఇసుక వద్దు. ఉప్పుని కడిగితే పోగొట్టొచ్చు గానీ అందులో గవ్వల ముక్కలు ఉంటాయి, అది సున్నం. ఒక గుప్పెడు తీసుకుని వెనిగర్ పోసి చూడండి, బుస్సున బుడగలు వస్తే ఆ ఇసుక కొమ్మలకి పనికిరాదు. ఇంకోటి, గాలికి కొట్టుకొచ్చి దిబ్బ కట్టిన ఇసుక బాగా సన్నం. సన్న ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కూర్చుంటాయి, మధ్యలో ఉన్న సందుల్ని నీళ్లే ఆక్రమిస్తాయి. చిల్లకూరు, కోట వైపు గాజు ఫ్యాక్టరీలకి పోయే తెల్ల సిలికా ఇసుక కూడా అంతే. చూడ్డానికి పంచదార మాదిరి ముచ్చటగా ఉంటుంది, కొమ్మకి ఊపిరాడదు. మా వైపు చీమకుర్తి క్రషర్ల డస్టుని కొందరు ఇసుక బదులు వాడుతున్నారు. అందులో పిండి ఎక్కువ, తడిసి ఆరితే గట్టి పలకలా బిగుస్తుంది. జల్లించి, పిండంతా పొయ్యేదాకా కడిగితే తప్ప ముట్టుకోవద్దు.

మీకు కావాల్సింది ముతక ఏటి ఇసుక. దానికోసం ట్రాక్టరు పెట్టుకోనక్కర్లేదు. మీ ఊళ్లో ఎక్కడైనా ఇంటికి పూత పని జరుగుతుంటే అక్కడికి పొండి. మేస్త్రీలు పూతకి సన్న ఇసుక జల్లించుకుని, జల్లెడ మీద మిగిలిన ముతకని పక్కన పోసేస్తారు. మనకి బంగారం అదే. అందులో పెద్ద రాళ్లు ఏరేసి, ఆవగింజ నుంచి కందిగింజలో సగం దాకా ఉన్నదాన్ని ఉంచుకోండి. బక్కెట్లో వేసి చేత్తో కలియబెడుతూ నీళ్లు వంచేస్తూ ఉండండి, వంచిన నీళ్లు తేటగా వచ్చేదాకా. బాగా కడిగిందా లేదా తెలియాలంటే గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి ఆడించి పక్కన పెట్టండి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఇసుక మీద బంకమట్టి పొర తేరి ఉంటుంది. వేలి మందం పొర ఉంటే మళ్లీ కడగాలి. గీతలా సన్నగా ఉంటే చాలు.

ఒక్క ఇసుకలోనే నాటొచ్చా అంటే, నాటొచ్చు. మన పెద్దవాళ్లు అట్టా నాటినవే. కాకపోతే వట్టి ఇసుకలో వచ్చే వేరు పొడుగ్గా, కొమ్మలు వెయ్యకుండా, పెళుసుగా వస్తుంది. పీకి కవర్లోకి మార్చేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. కొబ్బరి పొట్టు కలిస్తే వేరు సన్నగా, గుబురుగా, వంగేదిగా వస్తుంది. ఇసుక బరువు, గాలి ఇస్తుంది, పొట్టు తడి పట్టి ఉంచుతుంది. రెండూ కలపడమే మీకు నేను చెప్పేది.

నెల్లూరు తమ్ముడు కోకోపీట్ ఒక్కటే చాలన్నాడు. నెల్లూరులో మేడ మీద, తేట నీళ్లతో, కప్పుకొక కొమ్మ చొప్పున అది సరిపోతుంది, కాదనను. కానీ అల్లూరు బోరు నీళ్లతో, వందల కొమ్మలకి, వాన పడే నెలల్లో అది ఒక్కటే ఉంటే నీళ్లు పట్టేసి అడుగున ముద్దవుతుంది. పొట్టు తన బరువుకి ఏడెనిమిది రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. మేలూ అదే, ముప్పూ అదే.

పొట్టులో ఉప్పు కూడా ఉంటుంది. కొబ్బరి పీచుని చాలాచోట్ల ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి తీస్తారు, సోడియం, క్లోరైడ్, పొటాషియం అందులో మిగిలి ఉంటాయి. ప్యాకెట్టు మీద "కడిగినది" అని రాసి ఉన్నా మీరు ఇంకోసారి కడగండి. ఇటుకని పెద్ద తొట్టెలో నానేస్తే, 5 కిలోల ఇటుక దగ్గరదగ్గర 70 లీటర్ల పొట్టు అవుతుంది. దోమతెర గుడ్డలో పోసి మంచినీళ్లు పోస్తూ పిండండి. మొదట టీ నీళ్ల రంగులో వస్తుంది, తరవాత పలచబడుతుంది. రంగుని నమ్మొద్దు, తాగే నీళ్లకి వాడే టీడీఎస్ మీటర్ ఉంటుంది కదా, పిండిన నీళ్లలో పెట్టండి. పోసిన నీళ్లకి, పిండిన నీళ్లకి అంకె దగ్గరగా వచ్చేదాకా కడగడమే.

నీళ్ల సంగతి మీరు అడక్కపోతే నేనే అడిగేవాణ్ణి. మన తీరం ఊళ్లలో నాటే మిశ్రమం కంటే ముందు నీళ్లే కొమ్మని చంపుతాయి. వేరు లేని కొమ్మ చుట్టూ రోజూ ఉప్పునీళ్లు చల్లుతుంటే నీరు ఆవిరై ఉప్పు అక్కడే పేరుకుంటుంది. పైన తెల్లటి పొర కట్టి, ఆకు అంచులు మాడి, చివరికి ఆకు రాలిపోతుంది. చాలామంది అది తెగులనుకుని మందు కొడతారు. మీ బోరు నీళ్ల ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, డెసీసీమెన్స్/మీటరు లెక్కలో) కొలిపించండి. 0.75 లోపు ఉంటే నిశ్చింతగా వాడండి. 1.5 దాటితే కొమ్మల దగ్గరికే తేవొద్దు. వాన నీళ్లు పట్టుకోగలిగితే దాన్ని మించింది లేదు. ఆర్‌ఓ మంచినీళ్లు వాడొచ్చు, ప్లాంటు బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వందల కొమ్మలకి ఆర్‌ఓ నీళ్లు కట్టుబడి కావనుకోకండి. పైన పాలిథిన్ గుడారం కడితే లోపలి తడి లోపలే తిరుగుతుంది, రోజూ పొయ్యాల్సిన పనే ఉండదు.

ఊక బూడిద గురించి విడిగా రాయాలి, అది మీకు బాగా పనికొస్తుంది. మిల్లు బాయిలరులో పూర్తిగా కాలి తెల్లగానో బూడిదరంగుగానో వచ్చేది వద్దు. అది క్షారం, పైగా తడిస్తే పేస్టు మాదిరి అవుతుంది. మనకి కావాల్సింది ఊక ఆకారం చెడకుండా, పడవ పడవగా, నల్లగా ఉన్న మాడిన ఊక. చేత్తో నలిపితే కరకరలాడాలి. మిల్లులో అట్టాంటిది దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత నూనె డబ్బాకి చుట్టూ మేకుతో బొక్కలు పొడిచి, నెత్తిన పొగ గొట్టం నిలబెట్టి, డబ్బాలో పుల్లలు రాజేసి, చుట్టూ పచ్చి ఊక కుప్ప పొయ్యండి. మంట పైకి లేవదు, లోపలినుంచి నలుపు మెల్లగా బయటికి పాకుతుంది. పైన నలుపు మచ్చ కనబడ్డ చోటల్లా పారతో తిప్పుతూ ఉండాలి. కుప్ప మొత్తం నల్లబడగానే, తెల్లబడక ముందే, నీళ్లు చల్లి ఆర్పాలి. ఒక్క పది నిమిషాలు ఆలస్యం చేసినా నల్లది తెల్లదైపోతుంది, కాబట్టి ఆఖర్న అక్కడే నిలబడాలి. నిప్పులో కాలింది కాబట్టి బూజు, పురుగు, కలుపు గింజ ఏవీ ఉండవు. తేలిక, గాలి బాగా ఆడుతుంది. పెర్లైట్ చేసే పని దాదాపు ఇది చేస్తుంది, మన నెల్లూరు సీమలో ఊకకి కరువా? రెండు మూడు నీళ్లు కడిగి వాడండి. పచ్చి ఊక మాత్రం కలపొద్దు, అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, మిగిలిన వడ్లు మొలుస్తాయి.

కొలత అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, మాడిన ఊక ఒక పాలు. ఇది నడి కొలత. ఎండాకాలం పడమర గాలి తోలే రోజుల్లో పొట్టు పెంచండి. తుపాన్ల నెలల్లో ఇసుక, ఊక పెంచి పొట్టు తగ్గించండి. కలిపినదాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, గుప్పిట తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువ.

గూడూరు నుంచి:

సింగరాయకొండ ఆయన చెప్పిందంతా చదివాను, చాలా బాగా చెప్పారు. వర్మిక్యులైట్ మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది కలుపుతాను. నేను సైదాపురం వైపు పనిచేసి రిటైరైన టీచర్ని. అది అభ్రకం గనుల సీమ. కలిచేడు, సైదాపురం చుట్టుపక్కల పిల్లలు కాకిబంగారం పలకలు ఏరుకుని ఆడుకుంటారు. వర్మిక్యులైట్ కూడా అభ్రకం జాతి ఖనిజమే, మన నెల్లూరు జిల్లాలో ఆ గనులు ఉన్నాయి. రాయిగా ఉన్నప్పుడు పొరలు పొరలుగా గోధుమ రంగులో ఉంటుంది. కొలిమిలో బాగా కాలిస్తే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై ఒక్కసారిగా పొంగుతుంది, పలక కాస్తా ముడతలు పడ్డ పొడుగాటి ముక్క అవుతుంది. నర్సరీల్లో వాడేది ఆ పొంగినదాన్నే. పొంగని రాయి పొడి తెచ్చుకుంటే కొమ్మకి ప్రయోజనం లేదు, కొనేటప్పుడు చూసుకోండి. పొంగినది చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, నీళ్లలో వేస్తే మొదట తేలుతుంది.

మా పెరట్లో తమలపాకు తీగ, మరువం దాంట్లోనే వేళ్లూనించాను. తడి సమంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, తడిగా ఉన్నప్పుడు వేలితో అదిమితే పొరలు నలిగి మళ్లీ పొంగవు, గాలి పోతుంది. కొమ్మ గుచ్చి నీళ్లు పోస్తే అదే సర్దుకుంటుంది, అదమనక్కర్లేదు. పొడిగా ఉన్నప్పుడు దుమ్ము లేస్తుంది, ముందు తడిపి ఆ తర్వాతే గోతం కుమ్మరించండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. పెర్లైట్‌కీ ఇదే మాట వర్తిస్తుంది.

అల్లూరు పూలమడి:

అన్నా, మీరు ఇంత ఓపిగ్గా రాశారు, చాలా సంతోషం. మా అత్తగారికి చదివి వినిపించాను. "అయితే వేరొచ్చాక నా ఎరువు వేస్తారుగా" అంది, ఒప్పుకున్నట్టే.

దిబ్బల ఇసుకలో వెనిగర్ పోస్తే నురగ వచ్చింది, మా ఆయనే చూసి గోతాలు మడిచి పెట్టేశాడు. పక్క వీధిలో పూత పని జరుగుతోంది, మేస్త్రీని అడిగితే జల్లెడ మీది ముతక తీసుకుపొమ్మన్నాడు. బోరు నీళ్ల ఈసీ 1.5 పైనే వచ్చింది. కాబట్టి ఆర్‌ఓ నీళ్లూ, వానపడితే వాన నీళ్లూ.

ఇంకా కొన్ని అడగాలి. టీ కప్పుల్లో నాటాలా, ట్రేలలో నాటాలా, లేక ఒకటే మడి చేసి వరసగా గుచ్చాలా? నీళ్లు నిలవకుండా అడుగున పెంకులు, గులకరాళ్లు వెయ్యమంటారు కదా, ఎంత మందం వెయ్యాలి? హార్మోన్ పొడి ఎంత బలంది కొనాలి? కొమ్మలు ఇప్పుడే కొయ్యొచ్చా?

కనిగిరి మెట్ట రైతు:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది కనిగిరి వైపు. దానిమ్మ, దేవగన్నేరు కొమ్మలు నాటాలి. పై మిశ్రమమే వాటికీ సరిపోతుందా? మాకు కొబ్బరి పొట్టు దూరం నుంచి తెప్పించుకోవాలి. పొలంలో నల్లరేగడి, ఇంటి దగ్గర ఎర్ర గరప నేల.

సింగరాయకొండ నర్సరీ:

అమ్మా, పెంకులు, గులకరాళ్లు అడుగున అసలే వెయ్యొద్దు. ఇది చాలామంది నమ్మకానికి ఎదురు మాట కాబట్టి కారణం చెప్తాను. సన్నటి మిశ్రమంలో నీరు సందుల్ని పట్టుకుని ఉంటుంది. కింద పెద్ద రాళ్ల పొర తగిలితే అక్కడ పెద్ద ఖాళీలు, నీరు అందులోకి సులువుగా దిగదు, పైనే ఆగుతుంది. అంటే కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర రాళ్ల మందాన పైకి జరిగి కొమ్మ కోత దగ్గరికి వస్తుంది. బొక్క మూసుకుపోకుండా చిన్న దోమతెర ముక్క వేస్తే చాలు.

ఏ పాత్రలోనైనా నీళ్లు పోసి వదిలేస్తే అడుగున కొంత మేర తడి ముద్దగా నిలిచే ఉంటుంది. పాత్ర లోతు తక్కువైనా ఎక్కువైనా ఆ పొర మందం ఇంచుమించు ఒకటే. అందుకని లోతు తక్కువ ట్రేలో కొమ్మ మొన నేరుగా ఆ ముద్దలోకి దిగుతుంది. అదే జానెడు లోతు కవరులో అయితే మొనకి, ముద్దకి మధ్య గాలి ఆడే జాగా ఉంటుంది. మీకు నేను చెప్పేది, సన్నటి పొడుగు నర్సరీ కవర్లు. కింద, పక్కన బొక్కలు ఉన్నవి. కవరుకి ఒక కొమ్మే. వట్టి మడిలో వరసగా గుచ్చితే చవక, కానీ పీకేటప్పుడు ఒకదాని వేరు ఇంకోదానికి చుట్టుకుని తెగుతాయి, ఒక కొమ్మ కుళ్లితే పక్కవాటికీ పాకుతుంది.

కొమ్మ ఎట్టా కొయ్యాలో కూడా చెప్తా. పొద్దున్నే, ఎండ ఎక్కక ముందు. పూల కంకి లేని చివురు కొమ్మ చూడండి, ఉంటే కంకి తుంచెయ్యండి, లేకపోతే ఉన్న బలమంతా పువ్వుకే పోతుంది. మూడు నాలుగు అంగుళాల పొడవు, కొస గోటితో గిల్లితే తెగేంత లేత, అడుగు కాస్త ముదిరింది. కణుపు కిందగా పదును కత్తితో కొయ్యండి, కత్తెర వద్దు, అది కాండాన్ని నొక్కేస్తుంది. కింది ఆకులు తీసేసి పైన రెండు జతలు ఉంచండి, పెద్ద ఆకులైతే సగానికి కత్తిరించండి. లీటరు నీళ్లకి గ్రాము కార్బెండాజిమ్ (బూజు మందు) కలిపి అడుగు ముంచి తీసి, నీడలో తడి ఆరాక హార్మోన్. కనకాంబరం లేత కొమ్మ కాబట్టి ఐబీఏ (ఆ హార్మోన్ పేరు) 500 నుంచి 1000 పీపీఎం చాలు. గట్టి కర్రలకి అమ్మే బలమైన పొడి వాడితే కోత మాడుతుంది. పొడి సీసాలో నేరుగా ముంచొద్దు, కాస్త కాగితం మీద పోసుకుని అద్దండి, మిగిలింది పారెయ్యండి. పుల్లతో ముందు గుంట చేసి అందులో కొమ్మ పెట్టండి. నేరుగా గుచ్చితే పొడి అంతా పైనే రాలిపోతుంది.

ఎప్పుడు అంటే, మే నెల, రోహిణి కార్తె దాటనివ్వండి. వానలు మొదలై గాలిలో తడి వచ్చాక నాటండి. అక్టోబరు, నవంబరుల్లో మీ వైపు వాన గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో నాటితే పైన పాలిథిన్ కప్పు, కింద ఇటుకల మీద ఎత్తు తప్పకుండా ఉండాలి. ఒక్క తుపాను వాన కవర్లని నింపేసిందంటే పోయినట్టే. ఇంకా నాటే సమయం రాలేదనుకుంటే ఈ ఎండలు వృథా పోనీకండి. కడిగిన ఇసుకని నేల మీద కాదు, పాత పట్టా మీద పరిచి, తడిపి, పైన అవతలికి కనబడే పాలిథిన్ బిగుతుగా కప్పి, అంచుల్లో గాలి దూరకుండా ఇటుకలు పెట్టి నెలా నెలన్నర ఎండలో వదిలెయ్యండి. మన ఎండకి లోపల నులిపురుగు, బూజు నిలవవు. తొందరగా కావాలంటే మరిగే నీళ్లు పోసి ఆరబెట్టుకున్నా మేలే.

వేరొచ్చిందా అని పీకి చూడొద్దు. మూడో వారం దాటాక కొమ్మని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగితే పట్టు తెలుస్తుంది. కవరు పక్క బొక్కలోంచి తెల్ల వేరు కనిపిస్తే ఇంకా మంచిది. చివురు వచ్చింది కదా అని నమ్మొద్దు, వేరు లేకుండానే కొమ్మలోని బలంతో ఒక జత ఆకులు వస్తాయి.

కనిగిరి అన్నా, దేవగన్నేరు సంగతి పూర్తిగా వేరు. కోస్తే పాలు కారతాయి, ఆ పాలు ఆగి కోత గట్టిపడేదాకా వారం పైన నీడలో ఆరబెట్టాలి. తరవాత దాదాపు వట్టి ముతక ఇసుకలో నిలబెట్టండి, నీళ్లు ఎప్పుడో ఒకసారి. పొట్టు కలపొద్దు, కుళ్లిపోతుంది. దానిమ్మకి పెన్సిలు మందం ముదురు కొమ్మ, జానెడు పొడవు, నాలుగు కణుపులు, రెండు కణుపులు లోపలికి. దానికి 2000 పీపీఎం దాకా ఐబీఏ తట్టుకుంటుంది. మీ ఎర్ర గరప నేల మట్టి సగం, ముతక ఇసుక సగం కలిపితే దానిమ్మకి చాలు, పొట్టు తెప్పించే ఖర్చు పెట్టుకోకండి. నల్లరేగడి మాత్రం కవర్లలోకి తేవొద్దు. తడిస్తే ఉబ్బి గాలి మూసేస్తుంది, ఆరితే బీటలిచ్చి పుట్టిన వేరుని తెంచేస్తుంది. దొండ, మునగ లాంటివి అయితే ఈ కవర్లూ మిశ్రమాలూ ఏవీ వద్దు, నేరుగా పొలంలో గుంట తీసి పెట్టుకోవచ్చు.

అల్లూరు పూలమడి:

అన్నా, ఆఖరి మాట. వేరొచ్చాక వెంటనే మడిలో నాటెయ్యొచ్చా?

సింగరాయకొండ నర్సరీ:

వెంటనే వద్దమ్మా. గుడారం ఒక్కసారిగా తీస్తే ఒక పూటలోనే ఆకులు వాలిపోతాయి. మొదట సాయంత్రం పూట ఒక పక్క ఎత్తి పెట్టండి, తరవాత పగలంతా తెరవండి, వారం పది రోజుల్లో పూర్తిగా తీసెయ్యొచ్చు. ఆ వారం నుంచే లీటరుకి రెండు గ్రాముల 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) కలిపి పలచగా పొయ్యండి, మిశ్రమంలో తిండి ఏమీ లేదు కదా. ఆ తరవాత కొంచెం పెద్ద కవర్లోకి మార్చి, అప్పుడు మీ అత్తగారి పశువుల ఎరువు వెయ్యండి. బాగా మాగింది, మట్టి వాసన వచ్చేదే. దాంతోపాటు కాస్త వేపపిండి కలపండి, నులిపురుగుకి అడ్డం పడుతుంది. మడిలోకి దింపేముందు ఆ స్థలంలో ఇదివరకు వంగ, టమాటా, బెండ వేసి ఉంటే చెప్పండి. ఆ పురుగు వాటి వేర్లలోనూ ఉంటుంది, అప్పుడు ముందు ఒక పంట బంతి వేసి దున్నాల్సి వస్తుంది.